మన మాటలు ఎవరింట్లో ఉంటాయి

2021లో సంక్రాంతి వెళ్లిన వారం, మా పుస్తకాల గుంపులో ఒకావిడ ఫోను సముద్రంలో పడింది. పుదుచ్చేరి బీచ్ రోడ్డు పక్కన పేర్చిన నల్లరాళ్ల మీద కూర్చుని మనవడికి అలలు చూపిస్తుంటే చేయి జారిందట. ఫోను పోయినందుకు ఆవిడ పెద్దగా బాధపడలేదు. కొత్తది కొని, పాత నంబరే తీసుకుని గుంపులోకి తిరిగొచ్చేసరికి ఎదురుగా ఖాళీ తెర. పది నెలలుగా మేం రాసుకున్నవేవీ లేవు. ఒక కథ ముగింపు మీద మూడు రోజులు సాగిన వాదన లేదు. అరవై ఏళ్లు దాటాక ఆవిడ మొదటిసారి రాసిన సమీక్ష లేదు. "మీ దగ్గరున్నవి కాస్త పంపించండి" అని అడిగారు. పంపబోతే తెలిసింది, ఒక్కొక్కరి ఫోనులో ఒక్కో ముక్క ఉందని. కొందరు చోటు చాలక చెరిపేసుకున్నారు. కొందరు మధ్యలో చేరారు, వాళ్లకు అంతకుముందు జరిగింది కనబడదు. అన్నీ కలిపి కుట్టినా సగం కూడా తేలలేదు.

సంగతి విని యానాం నుంచి మా గుంపులోని మాస్టారు ఫోన్ చేశారు. "అదంతా సరేగానీ అబ్బాయ్, ఇంతకీ మన మాటలు ఎవరింట్లో ఉంటున్నాయి?"

ఎవరి దగ్గర అనలేదు, ఎవరింట్లో అన్నారు. నాకు జవాబు తోచలేదు.

మాది చిన్న గుంపు. 13 మందిమి. నెలలో మొదటి ఆదివారం ముత్యాల్‌పేటలో మా ఇంటి డాబా మీద చేరి ఒక తెలుగు పుస్తకం గురించి మాట్లాడుకునేవాళ్లం. ఈ ఊళ్లో తెలుగు చదివేవాళ్లు ఒకరికొకరు తారసపడటమే అరుదు. యానాం నుంచి ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ నాలాంటివాళ్లు కొందరు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం, ఫ్రెంచి చదువుకున్నవాళ్లు కొందరు. 2020 మార్చిలో అందరం ఇళ్లలో చిక్కుబడ్డాక గుంపు ఫోనులోకి మారింది. దాంతో యానాంలో ఉన్న మాస్టారు, ఫ్రాన్సులో స్థిరపడ్డ మా బావ కూడా చేరగలిగారు. ఆ మేలు నేను ఎప్పటికీ మరచిపోను. ఫోను సముద్రంలో పడేదాకా మరో ఆలోచనే మాకు రాలేదు.

ప్రోటోకాల్ అనే మాట తెలుగు పత్రికలు చదివేవాళ్లకు కొత్త కాదు. శిలాఫలకం మీద పేరు లేదని, వేదిక మీద కుర్చీ వేయలేదని ప్రోటోకాల్ గొడవలు ఏడాది పొడుగునా జరుగుతూనే ఉంటాయి. ఎవరిని ఎలా పిలవాలి, ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు ఎప్పుడు లేవాలి అన్న కట్టుబాటు అది. కంప్యూటర్ల మధ్య ప్రోటోకాల్ కూడా దాదాపు అలాంటి మర్యాదే. ఈమెయిల్‌ను మోసే ఎస్‌ఎంటీపీని చూడండి. 1982 ఆగస్టులో జోనథన్ పోస్టెల్ రాసి పెట్టిన పద్ధతి అది. ఒక యంత్రం ఇంకో యంత్రం గడప దగ్గరికి వెళ్తుంది. లోపలి యంత్రం సిద్ధమంటుంది. వచ్చిన యంత్రం 'హెలో' అని తన పేరు చెప్పుకుంటుంది. తర్వాత ఉత్తరం ఎవరి నుంచో చెబుతుంది, ఎవరికో చెబుతుంది, లోపలి యంత్రం సరేనన్నాకే విషయం అందిస్తుంది. ఎవరైనా ఈ మర్యాద చదువుకుని సొంతంగా ఒక తపాలా కచేరీ పెట్టుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. యాప్ అలా కాదు. అది ఒక కంపెనీ కట్టిన ఇల్లు. అందులో మనం అతిథులం.

పుదుచ్చేరిలో ఉండేవాళ్లకు ఈ తేడా అర్థం కావడం కష్టమేమీ కాదని నా నమ్మకం. మా ప్రభుత్వం ఒక్కటే, నేల మాత్రం నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ తీరాన ఉన్నాయి. మాహే కేరళ పక్కన అరేబియా సముద్రం ఒడ్డున. మా యానాం ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో గౌతమీ గోదావరి గట్టున. బండి నంబరు ఎక్కడైనా పీవై అనే మొదలవుతుంది. పిన్‌కోడ్ మాత్రం అలా కాదు. పుదుచ్చేరి 605001 తమిళనాడు వరసలోది, యానాం 533464 గోదావరి జిల్లాల వరసలోది, మాహే 673310 కేరళది. మా అమ్మకు ఇక్కడి నుంచి వేసిన ప్రతి ఉత్తరం ఒక తపాలా సర్కిల్ చేతి నుంచి మరో సర్కిల్ చేతికి మారి వెళ్లింది. అంతకుముందు 1954 దాకా అయితే ఫ్రెంచి ఇండియాకు తపాలా బిళ్లలే వేరు. అప్పుడైనా ఉత్తరం సరిహద్దు దగ్గర ఆగిపోలేదు. ఎవరి కచేరీ వాళ్లదే, ఎవరి బిళ్ల వాళ్లదే, అవతలివాళ్ల ఉత్తరాన్ని మోయాలన్న ఒప్పందం మాత్రం అందరిదీ.

ఫెడరేషన్ అని సాంకేతికులు అనేది దీన్నే. పేరు, మధ్యలో ఆ సున్నా చుట్టిన గుర్తు, తర్వాత ఊరు. ఈమెయిల్ చిరునామా అలాగే ఉంటుంది, ఎక్స్‌ఎంపీపీ అనే సందేశాల పద్ధతిలో చిరునామా కూడా అలాగే ఉంటుంది. మనం ఫోనులో వాడే పెద్ద యాప్‌లలో ఊరు పేరు అవసరమే ఉండదు, అందరూ ఒకే ఊళ్లో ఉంటారు కాబట్టి. ఆ ఊరికి తలుపు పడితే అందరూ బయటే. 2021 అక్టోబరు 4 రాత్రి అదే జరిగింది. ఫేస్‌బుక్ తన యంత్రాలకు దారి చూపించే బీజీపీ ప్రకటనలు పొరపాటున ఉపసంహరించుకోవడంతో వాట్సాప్ సహా దాని సేవలన్నీ దాదాపు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా మాయమయ్యాయి.

మాస్టారి ప్రశ్న తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, మాస్కులు పెట్టుకుని దూరదూరంగా డాబా మీద కూర్చున్నాం. మా గుంపులో అప్పట్లో ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి ఒకతె ఉంది. ఈ ఊళ్లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కుర్రకారుతో తిరిగేది, అప్పుడే కొత్తగా తెలుగు కూడబలుక్కుని చదువుతోంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి, "మామా, దీని మీద మనకే సొంతంగా సర్వరు పెడతాను" అంది. ఏ పద్ధతి మీద పెట్టాలన్నదే తేలాల్సింది.

ఆ వారం రోజులూ నాకు వీరాంపట్టినం గుర్తొస్తూ ఉంది. పట్నానికి దక్షిణాన ఉన్న పెద్ద మత్స్యకార గ్రామం అది. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ కెనడాకు చెందిన ఐడీఆర్‌సీ సాయంతో పుదుచ్చేరి పల్లెల్లో సమాచార కేంద్రాలు మొదలుపెట్టింది. విల్లియనూరులో నడిమి కేంద్రం. అప్పటి టెలిఫోన్ తీగల్ని నమ్ముకోలేక పల్లెలకు వీహెచ్ఎఫ్ రేడియోలు పెట్టారు, గొంతుకూ అక్షరాలకూ అదే దారి. కరెంటు పోయినా ఆగకుండా సౌరఫలకాలు బిగించారు. అమెరికా నౌకాదళం వెబ్‌సైటులో అలల ఎత్తు అంచనాలు వచ్చేవి. వాటిని విల్లియనూరులో దించుకుని, తమిళంలో చదివి, ఆ గొంతునే వీరాంపట్టినానికి పంపేవారు. అక్కడ ఒడ్డున లౌడ్‌స్పీకర్లలో వినిపించేది. చదువు రాని జాలరి కూడా వల భుజాన వేసుకుని నడుస్తూనే వినేవాడు. ఆ రోజుల్లో దానికన్నా గొప్ప సాంకేతికం లేకపోలేదు. ఆ మనుషులకు, ఆ ఒడ్డుకు అంతకన్నా సరిపోయింది మాత్రం లేదు. 2004 డిసెంబరు 26 ఉదయం నల్లవాడు గ్రామాన్ని అలాంటి మైకే కాపాడింది. సింగపూర్‌లో ఉన్న ఆ ఊరివాడు ఒకడు సునామీ సంగతి తెలిసి ఫోన్ చేస్తే, మైకులో చెప్పి ఊరిని ఖాళీ చేయించారు.

అదే ప్రాజెక్టులో ఎంబలం గ్రామపు కేంద్రం ఒక పాత గుడిలో పెట్టారు. ఆ గుడికి రెండు తలుపులు. దేవుడి దగ్గరికి వెళ్లే తలుపులోంచి అందరినీ రానిచ్చేవారు కాదు. కంప్యూటర్ గదికి వెళ్లే తలుపులోంచి ఏ కులం వాళ్లయినా, ఆడవాళ్లు ఏ రోజునైనా, వెళ్లవచ్చు. అందరికీ ప్రవేశం ఉంటేనే కేంద్రం పెడతామన్నది సంస్థ ముందే పెట్టిన షరతు. ఆ రెండో తలుపు కథ తెలిసిన దగ్గర్నుంచీ, ఏ చర్చావేదిక గురించి విన్నా నేను ముందు తలుపు గురించే అడుగుతాను. ఎవరు రాగలరు? రావాలంటే చేతిలో ఏం ఉండాలి? మా మాస్టారి దగ్గర ఉన్నది పాత ఫోను. గోదావరి గట్టున ఆయన ఇంట్లో సిగ్నల్ వచ్చేది వీధి అరుగు మీదే. ఆయన రాలేని తలుపు నాకు అక్కర్లేదు.

అమ్మాయి ముందు ఐఆర్‌సీ చూపించింది. 1988లో ఫిన్లాండులోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ తయారుచేసిన పద్ధతి. ఎంత పాత కంప్యూటర్ మీదైనా ఇట్టే నడుస్తుంది. అందులో ఒక్కో సందేశానికి 512 బైట్లు, చివరి రెండూ వరుస ముగించడానికే పోతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగుకు యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు. 'లక్ష్మి' అని రాస్తే మన కంటికి రెండే అక్షరాలు. యంత్రానికి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు సంకేతాలు, 21 బైట్లు. ఆ లెక్కన ఒక సందేశంలో 170 సంకేతాలు పట్టడం కష్టం. ఎస్ఎమ్ఎస్‌ది కూడా ఇదే కథ. ఇంగ్లీషులో 160 అక్షరాలకు చోటుంటే తెలుగులోకి మారగానే 70కి కుంచించుకుపోతుంది. నాకు ఇది వట్టి లెక్కలా అనిపించదు. నియమం రాసినవాళ్ల మనసులో మన ఒత్తులూ గుణింతాలూ లేవు, అంతే. ద్వేషం ఏమీ లేదు. మనం గుర్తుకు రాలేదు. పైగా ఐఆర్‌సీ జరిగిపోయిన మాటల్ని దాచదు. మీరు లేనప్పుడు మాట్లాడుకున్నది మీకు అందదు. బీచ్ రోడ్డు మీద సాయంత్రం వాహనాలు ఆపేశాక నడుస్తూ చెప్పుకునే కబుర్ల లాంటిది. కబుర్లు నాకూ ఇష్టమే. మాకు కావలసింది మాత్రం అది కాదు.

తర్వాత ఎక్స్‌ఎంపీపీ. 1999లో జెరెమీ మిల్లర్ జాబర్ పేరుతో బయటపెట్టాడు, 2004లో ప్రమాణమైంది. తెలుగును చక్కగా మోస్తుంది, తేలికగా నడుస్తుంది. గూగుల్ టాక్ దీని మీదే మొదలైంది. 2006లో ఇతర సర్వర్లకు తలుపు తెరిచింది. 2013లో హ్యాంగౌట్స్ వచ్చాక ఆ తలుపు మూసుకుంటూ పోయింది. వాట్సాప్ కూడా ఎక్స్‌ఎంపీపీని తనకు కావలసినట్టు మార్చుకునే ఎదిగింది, తలుపులు మాత్రం పెట్టుకోలేదు. దారి అందరిదీ అయినా దాని మీద కట్టిన ఇల్లు గేటు వేసుకోవచ్చునని వీటివల్ల తెలుసుకున్నాను. ఎక్స్‌ఎంపీపీలో గుంపు గది ఒక సర్వరు మీద ఉంటుంది. ఏ ఊరివాళ్లయినా వచ్చి కూర్చోవచ్చు. ఆ సర్వరు ఆగితే గది కూడా ఆగిపోతుంది.

2014లో మొదలైన మ్యాట్రిక్స్‌లో ఈ ఇబ్బంది ఉండదు. గదిలో ఎన్ని సర్వర్ల మనుషులున్నారో అన్ని సర్వర్లలోనూ గది నకలు ఉంటుంది. ఒకటి మునిగినా మిగతావాటిలో మాట బతికే ఉంటుంది. మాస్టారి ప్రశ్నకు ఇంత మంచి జవాబు ఇంకోటి లేదు: అందరిళ్లలోనూ. నేను దాదాపు ఒప్పేసుకున్నాను. కాని నకళ్లు దాచడానికి చోటు కావాలి, అన్నిటినీ సరిపోల్చడానికి జ్ఞాపకశక్తి కావాలి, పెద్ద గదుల్లో చేరేకొద్దీ బరువు పెరుగుతుంది. అన్నిటికీ మించి దాన్ని చూసుకునే మనిషి కావాలి. అమ్మాయి చదువు ఇంకో ఏడాదిలో అయిపోతుంది. బెంగళూరో హైదరాబాదో వెళ్తుంది, వెళ్లాలి కూడా. సర్వరు పెట్టడం ఒక పూట పని. పదేళ్లు దానికి కాపలా కాయడం వేరే సంగతి. మా 13 మందిలో ఆ పని చేయగలవాళ్లు ఇంకెవరూ లేరు.

చివరికి ఈమెయిల్ దగ్గరికే వచ్చాం. అమ్మాయి ముఖం కాస్త చిన్నబోయింది. "అది మీ కాలం నాటిది కదా మామా" అంది.

నిజమే, నా కాలం నాటిదే. యూజ్‌నెట్ అనే పాత చర్చావేదికల్లో తెలుగువాళ్లకు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని ఒక చోటు ఉండేది. తెలుగు లిపి తెర మీదికి రాని రోజులు. దీర్ఘానికి పెద్దబడి అక్షరం, డకారానికి పెద్దబడి అక్షరం పెట్టి ఇంగ్లీషు లిపిలోనే తెలుగు రాసేవారు. రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ అలాగే వాడుకలోకి వచ్చింది. ఇరుకు దారిలో కూడా ఛందస్సు మీద, వ్యాకరణం మీద చర్చలు చేశారు వాళ్లు. ఎందుకు చేయగలిగారంటే, యూజ్‌నెట్ ఉత్తరాల్ని మోసే ఎన్‌ఎన్‌టీపీ అనే పద్ధతి, దానికి ముందునుంచీ ఉన్న ఈమెయిల్, రెండూ ఒక చిన్న విషయాన్ని పట్టించుకున్నాయి. ప్రతి ఉత్తరానికి తనదైన ఒక గుర్తింపు ఉంటుంది. ఇది ఫలానా ఉత్తరానికి జవాబు అని చెప్పే పంక్తి ఉంటుంది. ఆ ఉత్తరం దేనికి జవాబో, అది మళ్లీ దేనికి జవాబో, వంశవృక్షమంతా వెంట వస్తుంది. పైకి కనబడదు. కనబడకుండానే చర్చను చెట్టులా నిలబెడుతుంది. కొమ్మకు కొమ్మ, రెమ్మకు రెమ్మ.

ఫోను గుంపులో ఇది లేక మేం ఎంత నష్టపోయామో అప్పటికిగాని నాకు తట్టలేదు. అక్కడ మాటలన్నీ ఒకే కాలువలో పోతాయి. ఉదయం ఎవరో పాత్ర స్వభావం గురించి అడుగుతారు. మధ్యాహ్నానికి దాని మీద పండుగ శుభాకాంక్షలు, పెళ్లి ఫొటోలు, వాన కబుర్లు. రాత్రికి జవాబు చెప్పాలనిపించినా ఎక్కడ చెప్పాలో తెలియదు. ఫలానా సందేశానికి అని తగిలించి రాయొచ్చు, కాని ఆ ఒక్క ముడి తప్ప వెనకటి అల్లిక కనబడదు. ఆలస్యంగా ఆలోచించేవాళ్లు నోరు మూసుకుంటారు. మా గుంపులో బాగా ఆలోచించేవాళ్లందరూ ఆలస్యంగా ఆలోచించేవాళ్లే. వేగం మీద నాకు కోపం లేదు. ఆదివారం ఎవరింట్లో కలుద్దాం, ఎన్నింటికి అని తేల్చుకోవడానికి వేగమే కావాలి. ఆ పనికి ఇప్పటికీ ఫోను గుంపే ఉంచుకున్నాం. వాదన నిలవాలంటే మాత్రం జవాబు ఆలస్యమైనా చోటు దొరకాలి.

ఇంకొకటి. యాహూ గుంపుల్లో రచ్చబండ అని తెలుగు సాహిత్య చర్చలకు పేరున్న గుంపు ఉండేది. 2019 డిసెంబరులో యాహూ తన గుంపుల్లోని పాత సందేశాలన్నీ తీసేసింది, 2020 డిసెంబరు 15న ఆ సేవనే మూసేసింది. ఎన్ని భాషల, ఎన్ని ఊళ్ల సంభాషణలు అలా పోయాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అయినా ఆ గుంపుల ఉత్తరాల్ని ఈమెయిల్‌లో తెప్పించుకుని దాచుకున్నవాళ్ల పెట్టెల్లో అవి ఇంకా ఉన్నాయి. కంపెనీ గుమ్మం మూతపడ్డా తపాలా పద్ధతి అప్పటికే నకళ్లు ఇళ్లకు చేర్చేసింది. మ్యాట్రిక్స్ యంత్రాల మధ్య చేసే పనిని ఈమెయిల్ మనుషుల మధ్య నలభై ఏళ్లుగా చేస్తోంది.

ఒక్క సందేహం మా బావ లేవదీశాడు. "ఈమెయిల్‌లో దాపరికం ఉండదు కదా?" అన్నాడు. ఉండదు. దారిలో తాళం వేస్తున్నారు, కాని పెట్టె నడిపేవాళ్ల దగ్గర అది తెరిచే ఉంటుంది. ఫోను యాప్‌లలో 2016 నుంచి వాట్సాప్, ఎక్స్‌ఎంపీపీలో ఓమెమో, మ్యాట్రిక్స్‌లో మెగోల్మ్, ఇవి పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మరెవరూ చదవకుండా చేస్తాయి. 2023లో గుంపుల కోసమే ఎంఎల్ఎస్ అనే ప్రమాణం కూడా వచ్చింది. ఇంట్లో హింస గురించి చెప్పుకునే ఆడవాళ్ల గుంపైనా, కూలి పెంపు కోసం కూడబలుక్కునే కార్మికుల గుంపైనా నేను ఈమెయిల్ వద్దనే చెబుతాను. అక్కడ తాళమే ముందు. ఆ తాళంలో ఉన్న గుణమే, నిన్న మాట్లాడుకున్నది ఇవాళ చేరినవాళ్లకు తెరుచుకోకపోవడం. వాళ్లకు అది రక్షణ. మాకు అది నష్టం. పుస్తకాల గుంపులో కొత్తగా చేరినవాళ్లు పాత వాదనలన్నీ చదువుకుంటూ రావాలి. దాచుకోవలసిన మాటలు మాకు లేవు, దాచి ఉంచవలసినవి ఉన్నాయి.

2021 ఫిబ్రవరి నుంచి అలా నడుస్తోంది. ఒక చిరునామాకు రాస్తే 13 మందికీ వెళ్తుంది. సర్వరు అద్దె తలా కాస్త వేసుకుంటున్నాం. ఆ పాత ల్యాప్‌టాప్ మీద అమ్మాయి నెలకోసారి అన్ని ఉత్తరాల నకలూ దించి పెడుతుంది. ఫోను పోగొట్టుకున్న ఆవిడ మళ్లీ సమీక్ష రాశారు. మొదటిదానిలా రాలేదని ఆవిడ అంటారు, నేను ఒప్పుకోను.

2022 వేసవిలో గోదావరి కథ ఒకటి చదువుతూ అమ్మాయి ఒక చిన్న ఉత్తరం రాసింది: "పంటు అంటే ఏమిటి? మా ఇంట్లో ఎవరికీ తెలియదు." ఒకరిద్దరు పడవ లాంటిదన్నారు. చర్చ వేరే కథ మీదికి పోయింది. జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. మాస్టారు కొన్నాళ్లు కూతురింటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత కంటి ఆపరేషన్. ఏడాది పైన ఆయన నుంచి ఒక్క ముక్క రాలేదు. అమ్మాయి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయింది.

2023 ఆగస్టులో ఒక రాత్రి మాస్టారి ఉత్తరం వచ్చింది. అది తేదీల వరసలో పైన ఎక్కడో కూర్చోలేదు. పద్నాలుగు నెలల కిందటి ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లి, ఒకరిద్దరి జవాబుల పక్కన, దాని కిందే ఒదిగింది. రెండు పడవల్ని పక్కపక్కన చేర్చి, పైన బల్లలు పరిచి, కార్లూ ఎడ్లబండ్లూ మనుషులూ ఒకేసారి ఏరు దాటేలా చేసేదాన్ని పంటు అంటారని రాశారు. తన చిన్నప్పుడు పంటు గట్టును తాకినప్పుడు బల్లలు చేసే చప్పుడు ఎలా ఉండేదో ఒక పేజీ రాశారు. చివర, "ఆలస్యమైంది తల్లీ, ఒకసారి వెళ్లి చూసి రాద్దామనుకున్నాను" అని ఉంది.

తెల్లారేసరికి బెంగళూరు నుంచి దాని కింద ఇంకో రెమ్మ: "తాతగారూ, అది ఇప్పుడు ఎక్కడ ఎక్కవచ్చు?"